పెద్దసారు పోయినంక కంపెనీ ఏమవుతుంది?

కొండగట్టు దిగువన నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007లో మొదలైంది. ఆ మొదటి బ్యాచ్ పిల్లలు రెండో సంవత్సరం చదువుతుండగా హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ కుప్పకూలింది. వాళ్లు చదువు ముగించుకుని ఉద్యోగాల వేటలో పడ్డ 2011లోనే అమెరికాలో స్టీవ్ జాబ్స్ యాపిల్ పగ్గాలు వదిలి, ఆరు వారాలకే కన్నుమూశారు. మరో మూడేళ్లకు హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. అంటే, ఒక గొప్ప నాయకుడు వెళ్లిపోతే కంపెనీ ఏమవుతుందన్న ప్రశ్న మన ప్రాంతానికి దూరపు వార్త కాదు. మన పిల్లలు ఆ కంపెనీల్లోనే ఉన్నారు, లేదా వాటికి పనిచేసే కంపెనీల్లో ఉన్నారు. టీవీలో ఎవరో పెద్ద అధిపతి తప్పుకున్నారని వార్త వస్తే చాలు, జగిత్యాల వైపు పల్లెల్లో తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది ఒకటే: "పెద్దసారు పోయిండంట, మా పిల్లగాని నౌకరి ఉంటదా అయ్యగారూ?"

ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోలేము. బీడీలు చుట్టిన డబ్బుతో, గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో ఫీజులు కట్టిన ఇళ్లు అవి. మాకు తెలిసినంతలో జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాము. మా అభిప్రాయం ఒక్క మాటలో ఇది: నాయకుడు పోయాక ఏమవుతుందనేది ఆయన కుర్చీలో ఉన్న కాలంలోనే చాలావరకు తేలిపోతుంది. ఆయన గదిలో ఆయనకు "ఇది కుదరదు" అని చెప్పగలిగినవాడు ఉన్నాడా లేదా అన్నదే అసలు సంగతి.

సత్యం సంగతే చూడండి. బి.రామలింగరాజు 1987లో ఆ కంపెనీని పెట్టారు. ఇక్కడ కూర్చుని అమెరికా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టవచ్చని తెలుగువాళ్లలో తొందరగా గ్రహించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆయన చూపు చిన్నది కాదు, ఆ మాట ఈ రోజుకీ ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లలో ఉద్యోగుల సంఖ్య 53,000 అని కంపెనీ చెప్పుకునే స్థాయికి వచ్చింది. పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి సత్యంలో" అంటే ఇక వేరే వివరం అడగని రోజులవి. 2008లో మంచి కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఆ కంపెనీకే దక్కింది.

అదే సంవత్సరం డిసెంబర్ 16న ఆ గదిలో ఏం జరిగిందో మేము ఇప్పటికీ మరచిపోలేదు. రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి సత్యం కొనాలన్న ప్రతిపాదన బోర్డు ముందుకు వచ్చింది. సత్యం అన్న ఇంగ్లీషు స్పెల్లింగును వెనక నుంచి చదివితే మేటాస్ వస్తుంది, అంత దగ్గరి బంధుత్వం. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో ఇళ్ల స్థలాల కంపెనీని, రోడ్లు వేసే కంపెనీని కొనడమన్నమాట. ఆ బోర్డులో పేరున్న ప్రొఫెసర్లు, మాజీ ఉన్నతాధికారులు, సాంకేతిక నిపుణులు ఉన్నారు. ప్రతిపాదన ఆమోదం పొందింది. "వద్దు" అన్నది బయటి వాటాదారులు. ఆ రాత్రే అమెరికా మార్కెట్‌లో షేరు సగానికి పైగా పడిపోయింది, గంటల్లోనే రాజు వెనక్కి తగ్గారు.

మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, ఆయన రాజీనామా లేఖ వచ్చింది. కంపెనీ పుస్తకాల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు చూపిస్తున్నామని, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే రాశారు. చిన్న తేడాగా మొదలైంది ఏళ్లు గడిచేకొద్దీ ఎలా పెరిగిపోయిందో చెబుతూ, పులి మీద సవారీ చేస్తూ దిగే దారి తెలియని మనిషితో తనను పోల్చుకున్నారు. మేటాస్ బేరం కూడా ఆ గుంతను పూడ్చే చివరి ప్రయత్నమేనని ఆ లేఖలోనే ఉంది. ఆ ఒక్క రోజే షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పోయింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. అప్పీలు చేసుకుని బెయిలుపై బయటికి వచ్చారు.

ఇప్పుడు ఆ తల్లిదండ్రుల ప్రశ్నకు వద్దాం. నౌకరీలు ఏమయ్యాయి? కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి, నాలుగు రోజులు తిరక్కుండానే కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, సి.అచ్యుతన్‌లను నియమించింది, తర్వాత మరో ముగ్గురిని చేర్చింది. వాళ్లు చేసిన మొదటి పని గొప్ప ప్రణాళికలు వేయడం కాదు. నెలాఖరుకు జీతాలు పడేట్టు చూడటం, ఖాతాదారులు పారిపోకుండా ఒక్కొక్కరితో మాట్లాడటం. ఏప్రిల్ 13న వేలంలో షేరు 58 రూపాయలకు టెక్ మహీంద్రా గెలిచింది. జూన్‌లో పేరు మహీంద్రా సత్యం అయ్యింది. 2013 జూన్‌లో టెక్ మహీంద్రాలో కలిసిపోయి, సత్యం అన్న పేరే లేకుండా పోయింది.

ఈ కథను "కంపెనీ బతికింది" అని చెప్పి ముగించేవాళ్లు చాలామంది. మేము ఇంకొక మాట కలపాలి. కొత్త యాజమాన్యం వచ్చిన కొద్దికాలానికే వేలమంది ఉద్యోగులను "వర్చువల్ పూల్" అనే పేరుతో, మూల జీతం, పీఎఫ్ వంటివి మాత్రం ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు. ఇంటి అప్పు కంతులు కడుతున్నవాడికి మూల జీతం అంటే ఏమిటో వివరించనక్కర లేదు. లెక్కలు దిద్దింది పైనున్నవాళ్లు, మూల్యం కట్టింది కింద పనిచేసినవాళ్లు. అయినా కంపెనీని నిలబెట్టింది ఆ కిందివాళ్లే. ఖాతాదారుల పని వాళ్ల చేతుల్లో ఉంది, రాజుగారి చేతిలో లేదు. వాళ్లు ఆ జనవరిలో ఆఫీసుకు రావడం మానేసి ఉంటే టెక్ మహీంద్రా కొనడానికి అక్కడ ఏమీ మిగిలేది కాదు.

రామలింగరాజు మొదలుపెట్టినది ఇంకొకటి మన రోడ్లమీద ఇప్పటికీ తిరుగుతోంది. 108 అంబులెన్స్ సేవను నడిపే ఈఎంఆర్ఐని ఆయన స్థాపించారు, 2005 ఆగస్టు 15న ఆ సేవ హైదరాబాద్‌లో మొదలైంది. కొండగట్టు ఘాట్ రోడ్డు గురించి మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 2018 సెప్టెంబర్ 11న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మనవాళ్లు పోయిన చోటు అది. ఇలాంటి దారుల పక్కన బతికేవాళ్లకు 108 అంటే ఒక అంకె కాదు. స్థాపకుడు జైలుకు వెళ్లినప్పుడు ఆ సేవ ఆగిపోవచ్చని భయపడ్డారు. ఆగలేదు. 2009లోనే జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది. నిర్వహణ ఖర్చులో పెద్ద భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తోంది, ఫోన్ ఎత్తేవాళ్లకు, డ్రైవర్లకు, టెక్నీషియన్లకు ఎవరి పని ఏమిటో రాసిపెట్టి ఉంది. ఒకే మనిషి కట్టిన రెండింటిలో ఒకటి కూలి, ఒకటి నిలిచింది. రెండో దానిలో ప్రతి రాత్రి ఎవరో ఒకరు ప్రమాదంలో ఉండి ఫోన్ చేస్తారు, బండి వచ్చిందో రాలేదో వెంటనే తెలిసిపోతుంది. అక్కడ అబద్ధపు లెక్క ఎక్కువ రోజులు దాగదు.

యాపిల్ సంగతి వేరు. అక్కడ అవినీతి లేదు, నాయకుడు జబ్బుతో తప్పుకున్నారు. స్టీవ్ జాబ్స్ 2011 ఆగస్టు 24న టిమ్ కుక్‌కు పగ్గాలు అప్పగించి అక్టోబర్ 5న చనిపోయారు. కుక్ పలుమార్లు చెప్పిన సంగతి ఏమంటే, "నేనైతే ఏం చేసేవాడినో అని అడుక్కోవద్దు, సరైనదేదో అది చెయ్యి" అని జాబ్స్ ఆయనకు చెప్పారట. వాల్ట్ డిస్నీ పోయాక ఆయన కంపెనీలో అందరూ వాల్ట్ ఉంటే ఏం చేసేవారని తలపట్టుకుని కూర్చుండిపోయారని, ఆ గతి పట్టకూడదని. ఏడాది తిరిగేసరికి పరీక్ష వచ్చింది. 2012 సెప్టెంబర్‌లో యాపిల్ కొత్త మ్యాప్స్ తప్పుల తడకగా వచ్చాయి. కుక్ బహిరంగంగా క్షమాపణ రాసి, మాది బాగయ్యేదాకా పోటీ కంపెనీల మ్యాప్స్ వాడుకోండని చెప్పారు. జాబ్స్ ఇష్టపడని డివిడెండ్‌ను కూడా అదే ఏడాది మొదలుపెట్టారు. 2018 ఆగస్టులో కంపెనీ విలువ లక్ష కోట్ల డాలర్లు దాటింది. పోయినది కూడా ఉంది. ఐఫోన్ లాగా లోకాన్ని తలకిందులు చేసే వస్తువు మళ్లీ రాలేదు, ఏళ్లతరబడి పనిచేసిన కారు ప్రాజెక్టును 2024లో వదిలేశారు. కల తగ్గి క్రమం పెరిగిందని మా అంచనా. జీతం మీద బతికే కుటుంబానికి అదేమంత చెడ్డ మార్పు కాదు.

మైక్రోసాఫ్ట్‌లో బిల్ గేట్స్ 2000లో సీఈఓ పదవి స్టీవ్ బామర్‌కు ఇచ్చినా, చైర్మన్‌గా మరో పద్నాలుగేళ్లు ఉన్నారు. 2014 ఫిబ్రవరి 4న నాదెళ్ల బాధ్యత తీసుకున్న రోజే గేట్స్ చైర్మన్ పదవి కూడా వదిలి సలహాదారుగా మిగిలారు. స్థాపకుడు నిజంగా తప్పుకున్న రోజు అదే అనాలి. నాదెళ్ల తండ్రి యుగంధర్ ఐఏఎస్ అధికారిగా మంచి పేరు తెచ్చుకున్నవారు, కొడుకు గురించి మన పత్రికలు రాసినంత ఆయన గురించి రాయకపోవడం మాకు వెలితిగానే ఉంది. నాదెళ్ల చేసినది రెండు మాటల్లో చెప్పవచ్చు. విండోస్ మాత్రమే మన ప్రపంచం అనే పట్టు సడలించి, ఆఫీస్‌ను పోటీదారు ఐప్యాడ్‌లోకి పంపారు. బామర్ కాలంలో కొన్న నోకియా ఫోన్ల వ్యాపారంలో 2015లో 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేశారు. ఆ నిర్ణయంతో 7,800 ఉద్యోగాలు పోయాయి. అయితే ఐప్యాడ్ కోసం ఆఫీస్, క్లౌడ్ వ్యాపారం రెండూ బామర్ ఉన్నప్పుడే మొదలయ్యాయి. కొత్త నాయకుడికి దండలు వేసేటప్పుడు పాతవాడు నాటిన చెట్లను లెక్కలోంచి తీసేయడం మనకు అలవాటు.

ఇదంతా కంపెనీల గొడవ, మనకెందుకని అనుకునే పాఠకులకు ఒక మాట. మన తెలుగు జిల్లాల్లో ఒక దైవజనుడి పేరు మీదే నడిచే పరిచర్యలు, స్కూళ్లు, అనాథాశ్రమాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. స్థలం ఆయన పేరున, బ్యాంకు ఖాతా ఆయన సంతకంతో, కమిటీలో ఆయన ఇంటివాళ్లు. ఆయన మంచివాడే కావచ్చు. ఆయన పోయిన మూడోనాడు ఆ కుటుంబంలో గొడవ మొదలై కోర్టుకెక్కుతుంది, విశ్వాసులు రెండుగా చీలిపోతారు. మోషే బతికి ఉండగానే సమాజమంతటి ఎదుట యెహోషువను నిలబెట్టాడు. ఆ వచనభాగాన్ని మనం ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటామో, ట్రస్టు పత్రాలు రాసుకునేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు. వార్షిక లెక్కలు సంఘం ముందు చదివి వినిపించమని అడిగిన పెద్దను తిరుగుబాటుదారుడిగా చూసే అలవాటు మానుకోనంత కాలం సత్యం బోర్డును తప్పుపట్టే అర్హత మనకు తక్కువే.

నాచుపల్లిలో చదువుతున్న పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు మేము చెప్పగలిగింది ఇంత. ఉద్యోగానికి వెళ్లే కంపెనీలో అధిపతి ఎంత గొప్పవాడో అడగడంతో ఆగకండి. ఆయన కింద రెండో వరుసలో ఉన్నవాళ్లు ఎన్నేళ్లుగా ఉన్నారో, తరచు వెళ్లిపోతున్నారేమో కనుక్కోండి. నష్టం వచ్చిన సంవత్సరంలో నష్టమని రాసుకున్న కంపెనీ, ప్రతి సంవత్సరం లాభమే చూపే కంపెనీ కంటే మేలు కావచ్చు. పెద్దసారు వెళ్లిపోయాడన్న వార్త వచ్చిన నాడు భయపడి రాజీనామా రాయొద్దు, అప్పు చేసి ఆ కంపెనీ షేర్లు కొననూ వద్దు. జీతం స్లిప్పులు, పీఎఫ్ కాగితాలు, చేసిన పనికి ఇచ్చిన అనుభవ పత్రాలు ఇంట్లో ఒకచోట పెట్టుకోండి. చేసే పని ఎవరికి అవసరమో, ఆ ఖాతాదారు డబ్బు కడుతున్నాడో లేదో మీ పక్క సీటు మనిషికి బాగా తెలుస్తుంది, ముందు అతణ్ని అడగండి.