ఒకే ఉత్తరం, నాలుగు చీటీలు

జోగులాంబ గద్వాల జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, అయిజ అనే ఊరు ఉన్నది. ఆ చుట్టుపక్కల చాలామంది రైతులు పత్తి పండిస్తారు. బట్టల కోసం కాదు, విత్తనాల కోసం. ఒక రకం పువ్వులోని పుప్పొడిని మరొక రకం పువ్వుకు చేత్తో అంటించి సంకర విత్తనం తయారు చేస్తారు. ఎంతో ఓపిక కావలసిన పని అది.

విత్తనాల వ్యాపారం తెలిసిన ఊళ్ళో ‘ట్యాగు’ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. సంచికి కట్టే చీటీ అది. మన దేశపు నియమం ప్రకారం మూల విత్తనానికి తెల్ల చీటీ, ధ్రువీకరించిన విత్తనానికి నీలి చీటీ కడతారు. సంచి విప్పకుండానే లోపల ఏమున్నదో చీటీ చెబుతుంది. ఇలాంటి చీటీలను కంప్యూటరులోని ఉత్తరాలకు కూడా కట్టవచ్చును. ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

కంప్యూటరు ఉత్తరాన్ని ఈమెయిలు అంటారని మీకు తెలుసు. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు ఇలాంటి ఉత్తరం పంపాడు. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ‘@’ గుర్తు పెట్టినవాడు ఆయనే. అప్పుడు ఉత్తరాలు తక్కువ. ఇప్పుడో, ఒక్క ఇంటికే వేలకొద్దీ వచ్చి పడుతున్నాయి.

అయిజలో ఒక రైతు ఇంటిని ఊహించుకోండి. విత్తనాల కంపెనీ నుంచి ఆ ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. పండించిన విత్తనం మొలక పరీక్షలోనూ, స్వచ్ఛత పరీక్షలోనూ నెగ్గిందని అందులో ఉన్నది. ఎంత డబ్బు రావాలో కూడా ఉన్నది. ఈ ఉత్తరాన్ని ఏ అరలో పెట్టాలి? ‘పరీక్షలు’ అనే అరలోనా? ‘డబ్బు’ అనే అరలోనా? ‘నాన్న’ అనే అరలోనా? ఒక అరలో పెడితే మిగిలిన రెండింటిలో కనబడదు. ఆరు నెలల తరువాత లెక్కలో తేడా వచ్చి, “ఆ కాగితం చూపించు” అని ఎవరైనా అడిగితే, ఇల్లంతా కలిసి వెతకవలసిందే. దొరకకపోతే ఒక పంటకాలపు కష్టానికి సాక్ష్యమే లేకుండా పోతుంది.

ఈ చిక్కు గ్రంథాలయాలవారికి ఎప్పటినుంచో తెలుసు. పుస్తకం బీరువాలో ఒక్క చోటనే ఉండగలదు. కాని దానికి కార్డులు ఎన్నయినా రాయవచ్చు: రచయిత పేరున ఒకటి, పుస్తకం పేరున ఒకటి, విషయం పేరున ఒకటి. ఏ కార్డు పట్టుకున్నా అదే పుస్తకం దగ్గరకు వెళతారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ ఒక్కొక్క విషయాన్ని ముఖాలుగా విడదీసి, మధ్యలో కోలన్ గుర్తు పెట్టి చూపే పద్ధతిని 1933లో ప్రకటించారు. దానిని కోలన్ వర్గీకరణ అంటారు.

ఉత్తరాలకు అలాంటి కార్డులు రాసే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. దాని పేరు నాట్‌మచ్. ‘పెద్దగా ఏమీ లేదు’ అని ఆ పేరుకు అర్థం! అది ఉత్తరాలు తీసుకురాదు, పంపదు. కార్డులు రాయడం, వెతికి పెట్టడం మాత్రమే దాని పని. కార్ల్ వర్త్ అనే ఆయన దీనిని 2009లో మొదలుపెట్టాడు. దీనికి వెల లేదు. లినక్స్ ఉన్న పాత కంప్యూటరులో కూడా పనిచేస్తుంది. బొమ్మలమీద నొక్కడం కాకుండా, మాటలు టైపు చేసి దీనికి ఆజ్ఞలు ఇవ్వాలి. ఆ పద్ధతినే కమాండ్ లైన్ అంటారు. ఇక్కడ ఆజ్ఞలను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి.

మొదటి పని, ఉత్తరాలను ఇంటికి తెచ్చుకోవడం. ఇందుకు ఎంబీసింక్ అనే వేరే ప్రోగ్రాము ఉన్నది. అది కంపెనీ కంప్యూటరులో ఉన్న ఉత్తరాలకు నకళ్ళు తీసి మన కంప్యూటరులో ‘మెయిల్‌డిర్’ అనే పద్ధతిలో పెడుతుంది. ఇందులో ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క ఫైలు. డేనియల్ బెర్న్‌స్టీన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1990లలో దీనిని కనిపెట్టాడు. ఇందులో మూడు గదులు ఉంటాయి. ఉత్తరం దిగుతున్నంతసేపూ మొదటి గదిలో, పూర్తిగా దిగిన తరువాత రెండో గదిలో, మనం చూసిన తరువాత మూడో గదిలో ఉంటుంది. సగంలో కరెంటు పోయినదనుకోండి, సగం ఉత్తరం మొదటి గదిలోనే మిగిలిపోతుంది తప్ప, మంచి ఉత్తరాలలో కలవదు. ఎంత తెలివైన ఏర్పాటో చూశారా?

రెండో పని, ‘నాట్‌మచ్ సెటప్’ అని టైపు చేయడం. అది మీ పేరు, చిరునామా, ఉత్తరాలు ఉన్న చోటు అడుగుతుంది. తరువాత ‘నాట్‌మచ్ న్యూ’ అనండి. అది ప్రతి ఉత్తరాన్నీ చదివి, ఏ మాట ఏ ఉత్తరంలో ఉన్నదో పట్టిక రాసుకుంటుంది. మామూలుగా కొత్త ఉత్తరానికి ‘ఇన్‌బాక్స్’, ‘అన్‌రెడ్’ అనే రెండు చీటీలు అదే కడుతుంది.

మూడో పని మీది. ఆ విత్తనాల ఉత్తరానికి చీటీలు కట్టాలి. ‘నాట్‌మచ్ ట్యాగ్’ అని రాసి, కట్టవలసిన చీటీకి ముందు కూడిక గుర్తు, తీసివేయవలసిన దానికి ముందు తీసివేత గుర్తు పెట్టాలి. తరువాత రెండు గీతలు గీసి, ఏ ఉత్తరాలకో చెప్పాలి:

నాట్‌మచ్ ట్యాగ్ +పరీక్ష +డబ్బు +నాన్న +పత్తి -ఇన్‌బాక్స్ -- సబ్జెక్ట్:స్వచ్ఛత

కూడిక, తీసివేత వచ్చినవారికి ఇది వచ్చినట్టే! ఉత్తరం ఉన్న చోటనే ఉన్నది. అందులోని ఒక్క అక్షరమూ మారలేదు. కాని నాలుగు దారులనుంచి దాని దగ్గరకు వెళ్ళవచ్చు. ‘నాట్‌మచ్ సెర్చ్ ట్యాగ్:డబ్బు అండ్ ట్యాగ్:పత్తి’ అంటే చాలు, ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఇక్కడ కూడా కోలన్ ఉన్నది గమనించారా?

ప్రతిసారీ చేత్తో కట్టడం విసుగైతే, ఈ ఆజ్ఞలను ‘పోస్ట్-న్యూ’ అనే ఫైలులో రాసి పెట్టవచ్చు. ‘నాట్‌మచ్ న్యూ’ అన్న ప్రతిసారీ అవి వాటంతట అవే జరుగుతాయి.

ఇక చీటీలను చక్కగా చూసుకునే పద్ధతి వినండి. చీటీలు కొద్దిగా ఉండాలి. ఒకరు ‘డబ్బు’ అనీ, ఇంకొకరు ‘పైసలు’ అనీ కడితే రెండు కుప్పలవుతాయి. ఇంటివారంతా కూర్చుని ఒకే పేరు అనుకోవాలి. పని అయిపోయిన ఉత్తరానికి ‘ఇన్‌బాక్స్’ చీటీ తీసివేయాలి. అప్పుడు ఆ చీటీ ఉన్నవన్నీ ఇంకా చేయవలసిన పనులే అని తెలుస్తుంది. ‘డిలీటెడ్’ అనే చీటీ కడితే ఉత్తరం చెరిగిపోదు, మామూలుగా వెతికితే కనబడకుండా పక్కకు తప్పుకుంటుంది, అంతే. నాట్‌మచ్ ఏ ఉత్తరాన్నీ తనంతట చెరపదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి ఉన్నది. కంప్యూటరు పాడైతే, కంపెనీ దగ్గర ఉన్న ఉత్తరాలను మళ్ళీ తెచ్చుకోవచ్చు. కాని చీటీలు కట్టినది మీరు. అవి మీ కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా లేవు. అందుచేత వారానికి ఒకసారి ‘నాట్‌మచ్ డంప్’ అని, చీటీల జాబితాను ఒక ఫైలుగా రాయించి, పెన్‌డ్రైవులో దాచండి. ‘నాట్‌మచ్ రిస్టోర్’ అంటే అవన్నీ తిరిగి వస్తాయి.

పెద్దలకు ఒక మాట: ఎంబీసింక్ ఏర్పాటు పిల్లలకు వదలకండి. సంకేతపదాన్ని ఎవరైనా చూడగలిగే ఫైలులో రాయకండి. మొదట్లో ఉత్తరాలను ఇటు తెచ్చుకోవడానికి మాత్రమే అనుమతించండి. రెండు వైపులా చెరిపే ఏర్పాటు చేస్తే, ఇక్కడ పోయినది అక్కడా పోతుంది.

పిల్లలూ! కంప్యూటరు లేనివారు కూడా ఈ పద్ధతిని పరీక్షించవచ్చును. ఇంట్లో ఉన్న పది కాగితాలు తీసుకోండి: కరెంటు బిల్లు, మార్కుల జాబితా, టీకాల కార్డు, ఏవైనా సరే. వాటికి ఒకటి నుంచి పది వరకు అంకెలు వేసి ఒకే సంచిలో పెట్టండి. ఒక పుస్తకంలో ‘అమ్మ’, ‘బడి’, ‘డబ్బు’, ‘ఆరోగ్యం’ అని పేజీకి ఒక చీటీ పేరు రాసి, ఆ చీటీకి చెందిన అంకెలన్నీ దాని కింద వేయండి. ఒకే అంక రెండు మూడు పేజీలలో రావచ్చు. ఇప్పుడు అమ్మను ఏదైనా ఒక కాగితం అడగమనండి. ఎన్ని క్షణాలలో తీసి ఇచ్చారో లెక్కపెట్టండి!