దెయ్యం ఆడదానికే ఎందుకు పడుతుంది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మిత్రులం కలిస్తే దెయ్యాల సినిమాల మీద వాదన తప్పదు. ‘భయపడ్డానికే గదక్కా చూసేది, దాంట్లో సిద్ధాంతాలెందుకు?’ అంటారు కొందరు. భయంతో నాకు తగాదా లేదు. ఆ భయానికి ఎవరి శరీరాన్ని వాడుకుంటున్నారన్నదే నా ప్రశ్న.

1992లో వచ్చిన ‘రాత్రి’లో దెయ్యం పట్టేది కాలేజీ అమ్మాయికి. 2022 నాటి ‘మసూద’లోనూ అమ్మాయికే. పైగా అక్కడ క్షుద్రశక్తికి ముస్లిం స్త్రీ రూపమిచ్చారు. రెండింటిలోనూ విడిపించడానికి వచ్చేది మగవాడే. ఆడపిల్ల గొంతెత్తితే, ఎదురుతిరిగితే, అది ఆమె గొంతే కాదట!

2023 నాటి ‘విరూపాక్ష’ మరీ ప్రమాదకరం. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్లు తగలబెడతారు. చివరికి క్షుద్రశక్తి నిజమేననీ, ఆ జంట కూతురే ఊరిమీద పగబట్టిందనీ కథ తేలుస్తుంది. అంటే నిప్పుపెట్టిన అనుమానమే గెలిచింది. తెలంగాణ పల్లెల్లో బాణామతి నెపంతో పళ్లూడగొట్టినవాళ్లూ, సజీవంగా కాల్చినవాళ్లూ సరిగ్గా ఈ అనుమానంతోనే బయల్దేరారు.

సినిమాలను నిషేధించమనడం లేదు. మూఢాచారాల హింసకు వ్యతిరేకంగా మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నాయి. మనమూ అలాంటి చట్టం కోసం పోరాడాలి. సంఘాల్లో ఈ సినిమాల మీద చర్చ పెట్టాలి.

అంతకన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. మన ఊళ్లో ఏ పిల్లకైనా ‘గాలి సోకింది’ అంటే, తాయెత్తు కట్టకముందే పక్కన కూర్చుని అడగండి: ‘నిన్నెవరేం చేశారమ్మా?’