అక్షరం కనబడితేనే సేవ అందినట్టు

తెలంగాణలోని నారాయణఖేడ్ డివిజన్‌లోని కంగ్టి, మనూర్, నాగల్‌గిద్ద మండలాల్లో రైతు పట్టా వివరాలైనా, విద్యార్థి ఆదాయ ధ్రువీకరణ పత్రమైనా ఇవాళ కంప్యూటర్ తెర మీదుగానే రావాలి. ఆపరేటర్ తెరను ఇటు తిప్పి "పేరు సక్కగున్నదా సూడు కాకా" అంటాడు. ఆ పేరు లేత బూడిద రంగులో ఉంటే అరవై దాటిన కళ్లకు ఏం కనబడుతుంది? పొల్లు పోయినా, ఒత్తు తప్పినా ఆయన గుర్తుపట్టలేడు. ఆ తప్పు దిద్దించుకోవడానికి మళ్లీ బస్సెక్కాల్సింది ఆయనే.

జావా స్వింగ్, క్యూటీ, టికింటర్... ఏ పరికరంతో ప్రోగ్రాం రాసినా అక్షరం రంగు మార్చడం ఒక్క పంక్తి పని. అంత తేలిక కాబట్టే ఆలోచించకుండా మార్చేస్తున్నారు.

అక్షరం స్పష్టతకు కొలత ఉంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి తెరపై లేత బూడిద రంగు (కోడ్ 999999) 2.85 దగ్గరే ఆగిపోతుంది. హెచ్చరికలకు అందరూ వాడే స్వచ్ఛమైన ఎరుపు సైతం 4 దగ్గరే నిలిచిపోతుంది. ముదురు ఎరుపు (8బీ0000) పెడితే అదే 10కి చేరుతుంది.

ఇంకో పొరపాటూ తరచూ జరుగుతుంది. ప్రోగ్రామర్ అక్షరాన్ని నలుపుగా ఖాయం చేసి, నేపథ్యాన్ని విండోస్‌కు వదిలేస్తాడు. వాడేవారు డార్క్ థీమ్‌కు మారగానే నలుపు మీద నలుపు పడి ఏమీ కనబడదు. రెండు రంగులూ కలిపి నిర్ణయించాలి, లేదా రెండింటినీ సిస్టమ్‌కే వదిలేయాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారి కోసం రంగు పక్కనే "ఆమోదించారు", "తిరస్కరించారు" అని మాటల్లోనూ రాయాలి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. అందరికీ అందుబాటులో ఉండే సాఫ్ట్‌వేర్ కోసం 2021లో భారతీయ ప్రమాణం ఐఎస్ 17802 వచ్చింది. 2018 ఆగస్టు 15న ఉమ్మడి మెదక్ జిల్లా మల్కాపూర్‌లోనే కంటి పరీక్షల పథకం 'కంటి వెలుగు' మొదలైంది. ఊరూరా కళ్లద్దాలు పంచిన రాష్ట్రం, తాను కొనే సాఫ్ట్‌వేర్‌లో అక్షరం స్పష్టంగా ఉండాలని అడగలేదా?

టెండరులో 4.5:1 షరతు రాయాలి. బిల్లు చెల్లించే ముందు ఆ ప్రోగ్రాంను మండల కార్యాలయంలోని పాత మానిటర్ మీద, పట్టపగటి వెలుతురులో, పెద్దవయసు వారితో చదివించి చూడాలి. వారు చదవలేకపోతే తిప్పి పంపాలి.