పుట్టింటి టీకా కార్డునూ లెక్కలోకి తీసుకోవాలని వినతి

సివిల్ సర్జన్ గారికి,
తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, జంషెడ్‌పూర్.

విషయం: టీకాల పనితీరును కొలిచే అధ్యయనాల్లో నమోదు పద్ధతి మార్చడం గురించి.

అయ్యా,

బిష్టుపూర్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల తరఫున ఈ విన్నపం. మా ఆడపిల్లల్లో చాలామంది పురిటికి శ్రీకాకుళం, విజయనగరం వైపు పుట్టిళ్లకు వెళతారు. 6, 10, 14 వారాలకు వేసే రోటావైరస్ టీకా చుక్కలు బిడ్డకు అక్కడే పడతాయి. ఆ కార్డు తెలుగులో ఉంటుంది. మడతల దగ్గర చిరిగి, ఒక్కోచోట తేదీ లేకుండా టిక్కు మాత్రమే కనిపిస్తుంది. విరేచనాలతో సొమ్మసిల్లిన బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు కార్డు ఇంట్లోనే ఉండిపోతుంది. టీకాలు వేయించారా అని అడిగితే నానమ్మ తెలియదంటుంది. ఆ ‘తెలియదు’ కాగితం మీద ‘వేయలేదు’గా మారకూడదన్నదే మా ప్రధానమైన కోరిక.

తీవ్ర విరేచనాలతో చేరిన పిల్లలందరికీ మల పరీక్ష చేసి, రోటావైరస్ ఉన్నవారిలో, లేనివారిలో టీకా పడినవారెందరో పోల్చి చూడడం నేడు వాడుకలో ఉన్న పద్ధతి. టీకా పడిన బిడ్డ పడని వరుసలో చేరితే, మంచి టీకా కూడా తక్కువగా పనిచేసినట్టు తేలుతుంది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది పసిపిల్లలతో జరిగిన రోటావాక్ అనే రోటావైరస్ టీకా ప్రయోగంలో తీవ్ర వ్యాధి నుంచి రక్షణ సగానికి కాస్త పైగా తేలింది. అంత మేలును తప్పుడు నమోదు తేలిగ్గా మింగేస్తుంది.

ఒక ఊరి ఫలితం ఇంకో ఊరికి సరిపోదు కూడా. బ్రిటన్‌లో 80 శాతం దాకా రక్షణ ఇచ్చిన క్షయ టీకా బీసీజీ, 1950లలో మొదలైన మదనపల్లె పరిశీలనలో అంతకంటే తక్కువ రక్షణే ఇచ్చింది. 1968లో మొదలైన చెంగల్పట్టు ప్రయోగంలోనైతే పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదు. అందుకే జంషెడ్‌పూర్ లెక్క జంషెడ్‌పూర్‌లోనే తేలాలి.

కాబట్టి కార్డు చూశాకే నమోదు చేయించండి. కార్డు లేకపోతే టీకాల నమోదు పోర్టల్ యు-విన్‌లో వెతకాలి, పుట్టింటి ఊరి ఏఎన్ఎంకు ఫోన్ చేయాలి. అప్పటికీ తేలకపోతే ‘తెలియదు’ అనే రాయాలి. మల పరీక్ష ఎవరికి చేయాలన్నది డాక్టరు ఇష్టానికి వదలక, చేరిన ప్రతి బిడ్డకూ ఒకే నియమం పెట్టాలి. జిల్లా ఫలితాలు, బాగోలేకపోయినా సరే, బయటపెట్టాలి.

అధ్యయనంలో చేర్చేముందు అంగీకారపత్రం తల్లిదండ్రుల భాషలో చదివి వినిపించాలి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో కేంద్రం ఆ ప్రాజెక్టును ఆపించింది. ఆ భయం మా ఊళ్లలో ఇంకా పోలేదు.

తెలుగు కార్డులు చదివిపెట్టడానికి మా పిల్లలు సిద్ధంగా ఉన్నారు. హిందీ ప్రతి జతపరిచాం. తమ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థన.

ఇట్లు,
బిష్టుపూర్ తెలుగు కుటుంబాలు