తెర మీది మాటను పరీక్షించే చదువు కావాలి

సీబీఎస్‌ఈ పాఠశాలల్లో 9, 10 తరగతుల విద్యార్థులు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ వంటి నైపుణ్య విషయాలను ఐచ్ఛికంగా ఎంచుకోవచ్చు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ను 2019-20 విద్యా సంవత్సరంలో 9వ తరగతిలో ప్రవేశపెట్టారు. పత్రాల రూపకల్పన, స్ప్రెడ్‌షీట్లు, ప్రెజెంటేషన్లు పిల్లలకు ఉపయోగపడే విద్యలే. అయితే నా దృష్టిలో వీటన్నిటికంటే ముందు నేర్పవలసిన నైపుణ్యం మరొకటి ఉంది. అది, తెరపై కనిపించిన ఆరోగ్య సమాచారాన్ని నమ్మేముందు పరీక్షించడం.

ఇందుకు కారణం చెబుతాను. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు, పిల్లలతో సహా, ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. ముళ్ళతో ఉండే ఉమ్మెత్త కాయ కరోనా వైరస్ ఆకారాన్ని పోలి ఉంటుంది కనుక అది మందుగా పనిచేస్తుందని ప్రచారం చేసిన ఒక టిక్‌టాక్ వీడియోను వారు నమ్మినట్లు పత్రికలు రాశాయి. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపొలమిన్ అనే విషపదార్థాలు ఉంటాయి. వాటివల్ల నోరు ఎండిపోతుంది, కనుపాపలు విప్పారుతాయి, గుండె వేగం పెరుగుతుంది, మతి భ్రమిస్తుంది. మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. పురుగుమందు తాగిన రైతును బ్రతికించడానికి ప్రభుత్వాసుపత్రుల్లో మేము వాడేది కూడా ఇదే అట్రోపిన్. మందుకూ విషానికీ మధ్య ఉన్న గీత మోతాదే. ఆ వీడియో చెప్పనిది సరిగ్గా అదే.

మన ఇళ్ళలో ఫోను సంగతులు తెలిసినది తరచుగా హైస్కూలు పిల్లలకే. నాయనమ్మ, తాతయ్యలు వచ్చిన సందేశాన్ని చూపి, “ఇది నిజమేనా?” అని అడిగేది వారినే. కాబట్టి ఆ పిల్లలకు పరీక్షించే అలవాటు నేర్పితే ఇంటిల్లిపాదికీ రక్షణ కల్పించినట్లే.

నేర్పవలసినవి నాలుగు ప్రశ్నలు. చెబుతున్నది ఎవరు, వారి అర్హత ఏమిటి? మోతాదు ఎంతో, ఎవరు వాడకూడదో చెప్పారా? మనం నమ్మితే లాభపడేది ఎవరు? ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ వంటివి ఆ మాటే చెబుతున్నాయా?

కంప్యూటరు ఉపాధ్యాయునికి వైద్యం తెలియదు గదా అని కొందరు సందేహించవచ్చు. తెలియనక్కరలేదు, ఆయన నేర్పేది పరీక్షించే పద్ధతి. ఈ నైపుణ్య విషయాల్లో 100 మార్కులకు 50 ప్రయోగాత్మక పనికే కేటాయించారు. అందులో ఒక ప్రాజెక్టుగా, ప్రచారంలో ఉన్న ఒక ఆరోగ్య వీడియోను తీసుకొని, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుణ్ణి అడిగి, నిజానిజాలు వివరిస్తూ మరొక వీడియో చేయమనండి. సాంకేతిక నైపుణ్యం వస్తుంది, వివేకమూ వస్తుంది.

ఐచ్ఛిక విషయాన్ని ఎంచుకోని పిల్లల మాటేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. పరికరం అందరికీ చేరుతున్నప్పుడు, దానిలో కనిపించే మాటను శంకించే చదువు కొందరికే పరిమితం కావడం న్యాయం కాదు. ఈ నాలుగు ప్రశ్నలకు ప్రతి పాఠశాలలోనూ, ఏ బోర్డు అయినా సరే, కనీసం రెండు పీరియడ్లు కేటాయించాలి. తల్లిదండ్రులు పాఠశాల సమావేశాల్లో ఈ మాట అడగాలని నా మనవి.