చవుక బస, ఖరీదైన జూదము

సంక్రాంతి మూడుదినములును భీమవరమున బసకు గది దొరకుట దుర్లభము. లాడ్జీలన్నియు చాలముందుగనే నిండిపోవును. అద్దెలు పలురెట్లు పెరుగును. దూరదేశములనుండి పండుగపేర వచ్చినవారిలో పెక్కురు కోడిపందెముల బరులకడనే ప్రొద్దు పుచ్చుచున్నారు. బరిప్రక్కనే గుండాటయు, పేకాటయు సాగుచుండును. ఆ రుచి మరగినవారు పండుగ ముగిసినంతమాత్రమున ఊరకుండరు గదా! రెండుమూడుదినముల సెలవు దొరకినచో వారి చూపు గోవావైపు మరలును. పనాజీ యొద్ద మాండవీనదిపై లంగరువేసిన కాసినో ఓడలును, చవుకగా దొరకు హోటలు గదులును వారిని పిలుచుచున్నవి.

మేము వినోదమునకు విరోధులము కాము. సంవత్సరమంతయు పాటుపడినవాడు రెండుదినములు సముద్రపుగాలి పీల్చివచ్చుట తప్పు కాదు. కాని జూదగృహము చూపు చవుకదనము ఎచ్చటినుండి వచ్చుచున్నదో విచారింపవలదా? అచ్చటి ప్రవేశరుసుములో భోజనము, పానీయము, ఆడుటకు కొన్ని బిళ్లలు చేరియుండుట కలదు. వర్తకుడెవ్వడును ఊరక విస్తరి వేయడు. సున్నతోకూడ 37 గడులుగల చక్రమునందు ఒక గడిపై రూపాయి యొడ్డి గెలిచినవానికి 35 రూపాయలు లాభము. గడులన్నిటిపైనను ఒక్కొక్క రూపాయి యొడ్డినచో, 37 రూపాయలు పోసినవానికి తిరిగివచ్చునది 36 మాత్రమే. ఆ మిగిలిన రూపాయియే దీపములకు నూనె, సేవకులకు జీతము, చవుక గదికి అద్దె. ఒకరాత్రి ఒకడు గెలువవచ్చును. ప్రతిరాత్రియు గెలుచునది బల్ల వేసినవాడే.

ఇంకొక సంగతి గమనింపదగియున్నది. 2020 లో గోవా ప్రభుత్వము తన ప్రజలు కాసినోలలో జూదమాడరాదని కట్టడి చేసెను. సిక్కిము ప్రభుత్వమును 2016 లో అట్లే చేసెను. తమ బిడ్డలకు విషమని యెంచినదానిని పొరుగుబిడ్డలకు విందుగా వడ్డించుచున్నారన్నమాట! ఆ విందునకు మనవారు టిక్కెట్టు కొని పోవుచున్నారు.

ఇట్లని మనము గోవాను నిందించి చేతులు కడుగుకొనుటకు వీలులేదు. మనయింట 1974 నాటి జూదపు చట్టము కలదు. 1960 నాటి జంతుహింసానివారణ చట్టము కలదు. 2016 డిసెంబరులో ఉన్నతన్యాయస్థానము కోడిపందెములను అరికట్టుడని ఆజ్ఞాపించెను. 2020 లో రాష్ట్రప్రభుత్వము ఆన్‌లైను జూదమును సైతము నిషేధించెను. అయినను ఏటేట బరులు వెలయుచునే యున్నవి. సంప్రదాయమను పేర పెద్దలు వానికి గొడుగు పట్టుచున్నారు. ధర్మరాజు పాచికలు రాజ్యమును పోగొట్టెను. కోడిపందెములో ఓడి బ్రహ్మనాయుడు మొదలగువారు వలసపోయిన కథను పల్నాటిసీమ నేటికిని మరువలేదు. సంప్రదాయము మనకు చెప్పినది ఆడుమని కాదు, చెడుదువని!

నష్టము ఎవరిదో చూడుడు. సార్వా ధాన్యము అమ్మిన సొమ్ము చేతికి వచ్చునది సంక్రాంతికి కొంచెము ముందు. దాళ్వాకు పెట్టుబడి పెట్టవలసినదియు నప్పుడే. బరికడ ఆ సొమ్ము పోగొట్టుకొన్న కౌలురైతు మరునాడు ఎరువునకు అప్పు చేయును. ధనికుడు పోగొట్టుకొన్నది విలాసము. అతడు పోగొట్టుకొన్నది విత్తనము. 1852 లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ డెల్టా అన్నపూర్ణయైనది నీటివలనను, రైతు చెమటవలనను గాని అదృష్టచక్రమువలన గాదు.

కావున మా మనవి స్పష్టము. ప్రజాప్రతినిధులు బరుల ప్రారంభోత్సవములకు పోవుట మానవలెను. పోలీసులు చట్టమును పండుగ మూడునాళ్లును నిద్రపుచ్చరాదు. గ్రంథాలయములును, యువజనసంఘములును సంక్రాంతికి ఎడ్లపందెములకు బదులు ఆటలపోటీలను, హరికథలను, నాటకములను ఏర్పరుపవలెను. విహారమునకు పోవు యువకులు గది అద్దె చూచుటకు ముందు ఆ గది యెవరి ఓటమిమీద కట్టబడినదో యోచింపవలెను. గోదావరి ఒడ్డున పుట్టినవానికి, గాలి పీల్చుటకు నది కావలెనన్న, పాపికొండలు దగ్గరనే యున్నవి. అచ్చట ఒడ్డవలసినది ఏమియు లేదు.