ఘాట్ రోడ్డు మీద మనమూ, వాళ్ళూ

కిందటి జనవరిలో మేం తొమ్మిది మంది ఆడవాళ్ళం సైకిళ్ళ మీద అనంతగిరి ఘాట్ ఎక్కాం. తొమ్మిది మందిలో నలుగురు ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చారు. శిక్షణా తరగతులున్నాయని ఇద్దరు, జిల్లా మీటింగని ఒకరు, నిజనిర్ధారణకు వెళ్తున్నానని మరొకరు. వీళ్ళంతా ఏళ్ళ తరబడి సంఘాల్లో పనిచేస్తున్నవాళ్ళే. ఊరి పెద్దమనుషుల్ని నిలదీసినవాళ్ళు, పోలీసు స్టేషన్ ముందు రాత్రంతా కూర్చున్నవాళ్ళు. పని కోసమైతే ఎక్కడికైనా వెళ్ళగలరు. ‘కొండ చూడాలనిపించింది, వెళ్ళొస్తాను’ అని మాత్రం భర్తకో, అత్తగారికో, చివరికి ఎదిగిన కొడుక్కో చెప్పలేకపోయారు.

ఆ రోజు అందరం నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. పని లేకుండా ఇల్లు దాటే హక్కు ఆడదానికి లేదని మనం కూడా ఒప్పేసుకున్నామా?

హక్కుల పత్రికలో సైకిల్ షికార్ల గోలేమిటని మిత్రులు కొందరు అనవచ్చు. మా సంఘంలోనూ అన్నారు. ఇది తీరికున్న ఆడవాళ్ళ సరదా అనీ, కూలికి పోయే స్త్రీకి దీంతో పనిలేదనీ వారి వాదన. అందులో సగం నిజముంది. మిగతా సగం గురించే నా తగువు.

శృంగవరపుకోట దాటి కాశీపట్నం దగ్గరికి వచ్చాక రోడ్డు కొండ పట్టుకుంటుంది. టైడ చేరేసరికి రెండు పక్కలా అడవి. మలుపు మీద మలుపు. ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస - కిరండోల్ రైలు మార్గం ఈ కొండల్లోంచే సొరంగాలు దూరుకుంటూ పోతుంది. ఇంకాస్త పైకెళ్తే సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. అవతల అరకు లోయే సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి చేరాలంటే ముందు అంతకంటే ఎత్తుకెక్కి, మళ్ళీ దిగాలి. యాభై రెండేళ్ళ నేను చాలా మలుపుల్లో సైకిల్ దిగి తోసుకుంటూ నడిచాను. కాళ్ళు పట్టేశాయి, గుండె చెవుల్లో కొట్టుకుంది. అయినా మంచు విడిపోయి కింద లోయంతా ఒక్కసారి కనబడినప్పుడు నాకు కలిగిన సంతోషానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదనిపించింది. ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

సైకిలుకూ స్త్రీల కదలికకూ ఉన్న సంబంధం మనకు కొత్త కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్న సంగతి పాత కార్యకర్తలందరికీ గుర్తుండే ఉంటుంది. కొండల మాటకొస్తే, నిజామాబాద్ జిల్లాకు చెందిన ఆదివాసీ బాలిక మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద శిక్షణ పొంది, 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆడదాని శరీరం కొండకు పనికిరాదని ఇక ఎవరూ అనలేరు. అడ్డం శరీరం కాదు.

అడ్డం ఏమిటో ఆ రోజు ఘాట్ మీద చూశాం. వెనకనుంచి వచ్చిన కార్లలో కుర్రాళ్ళు హారన్ కొట్టడం, పక్కపక్కనే నెమ్మదిగా నడిపిస్తూ వీడియోలు తీయడం. ఇది ఒక బాధ. ఇంతకంటే పెద్దది మరొకటి. ఇంటి నుంచి బయల్దేరి అయిదు గంటలైనా మూత్రానికి వెళ్ళే చోటు దొరకలేదు. ఒక హోటలులో అడిగితే, గదులు తీసుకున్నవాళ్ళకు మాత్రమే అన్నారు. మగవాళ్ళకు ఘాట్ పొడవునా ఏ చెట్టయినా సరిపోతుంది. నెలసరిలో ఉన్న మా చిన్నమ్మాయి పొద్దుటి నుంచి మంచినీళ్ళు మానేసి, చెమటలు కక్కుతూ కొండెక్కింది. ‘ఆడవాళ్ళు ఇలాంటివాటికి తట్టుకోలేరు’ అనే మాట ఇలాగే పుడుతుంది.

మేం ఒక మలుపు దగ్గర కూలబడి ఉండగా పక్క కాలిబాటలోంచి కట్టెల మోపుతో ఒకామె రోడ్డెక్కింది. మమ్మల్నీ సైకిళ్ళనీ ఎగాదిగా చూసి, ‘‘ఏటమ్మా, బస్సు దొరకనేదా?’’ అంది. కావాలనే ఎక్కుతున్నామని చెబితే ఆమె నమ్మలేదు. నమ్మాక నవ్వింది. మోపు దించి, మా అవస్థ కనిపెట్టి, రోడ్డు వెనక గెడ్డ దగ్గరికి తీసుకెళ్ళి, మేం వచ్చేదాకా బాటకు కాపలా నిలబడింది. హోటలు ఇవ్వనిది ఆమె ఇచ్చింది.

ఆమెది రోడ్డుకు చాలా లోపల ఉన్న ఊరు. కట్టెలకూ నీళ్ళకూ రోజుకు రెండు మూడుసార్లు ఎక్కిదిగుతుంది. సంతరోజు అడ్డాకులో చీపుర్లో నెత్తిన పెట్టుకుని దిగుతుంది. కిందటి వానల్లో కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకొచ్చారట. అంబులెన్సు రోడ్డు మీదే ఆగి ఉంది. బిడ్డ మాత్రం దారిలోనే పుట్టింది. ఇద్దరూ బతికారు. పక్క ఊళ్ళో ఒకామె బతకలేదని మామూలుగా చెప్పింది.

అప్పుడే మాలో ఒకమ్మాయి ఆమెను ఫొటో తీసింది, అడగకుండానే. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. కార్లలోంచి మమ్మల్ని వీడియో తీసినవాళ్ళను తిట్టి అరగంట కూడా కాలేదు. ఈ సంగతి ఇక్కడ రాయొద్దని ఆ అమ్మాయి అడిగింది. రాయాలనే నేనన్నాను. ఆ ఫొటోను నేనూ ఆపలేదు కాబట్టి.

ఒకే కొండ, రెండు ఎక్కడాలు. మన ఎక్కడాన్ని వ్యాయామమంటారు, సాహసమంటారు. ఆమెది లెక్కలోకే రాదు. పర్యాటక ప్రకటనల్లో ఈ అడవి మనుషులు లేని అడవిలా ఉంటుంది. మనుషులుంటే థింసా ఆడుతూనో, బొంగులో చికెన్ వండుతూనో ఉంటారు.

ఈ అడవి ఆడవాళ్ళకు క్షేమం కాదని మనకు తరచూ చెబుతారు. ఎవరివల్ల? ఇదే ఏజెన్సీలోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది, దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. పులులూ పాములూ ఆ కేసులో లేవు.

ఇక భూమి. 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. ఈ అనంతగిరి మండలం గనుల లీజుల మీదనే సమత కేసు నడిచి, 1997 జూలైలో సుప్రీంకోర్టు ప్రైవేటు కంపెనీలకు ఇక్కడ లీజులివ్వడం చెల్లదంది. గనులకు తలుపు మూసుకుంటే రిసార్టులకు కిటికీ తెరుచుకుంది. ఆదివాసీ స్త్రీని పెళ్ళి చేసుకునో, చేసుకున్నాననిపించుకునో, ఆమె పేరున భూమి రాయించి అనుభవించే మగవాళ్ళ పద్ధతి ఏజెన్సీలో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు. కాగితం మీద యజమానురాలు ఆమె. గల్లాపెట్టె దగ్గర ఆమె ఉండదు, అంట్ల దగ్గర ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని స్పష్టంగా చెప్పింది. మీరు పనిచేసే ఊళ్ళలో ఆ పట్టాలు తీసి చూడండి, రెండో పేరు ఉందేమో. ఉంటే, తన పేరుందని ఆమెకు తెలుసో లేదో అడగండి.

అందుకని మనం కొండలెక్కడం మానుకోవాలా? అలా అనడం నాకిష్టం లేదు. ఆమెకు విశ్రాంతి లేదు కాబట్టి నీకూ వద్దు అనే న్యాయం మనల్ని ఇళ్ళలోనే కూర్చోబెట్టేవాళ్ళకు బాగా పనికొస్తుంది. నేనడిగేది వేరు. ఘాట్ మీద నీళ్ళున్న మరుగుదొడ్డి కట్టమంటే అది ప్రయాణికులకే కాదు, సంతకు దిగే ఆదివాసీ స్త్రీలకు కూడా తెరిచి ఉండాలి. దాన్ని నడిపి జీతం తీసుకునేది ఆ ఊరి సంఘం కావాలి. వ్యూపాయింటు దాకా తారు పోసేవాళ్ళను ఆ పక్క ఊరికి డోలీ ఎందుకు తప్పలేదని అక్కడికక్కడే అడగాలి. కొత్త రిసార్టుకు గ్రామసభ తీర్మానం ఉందా, ఆ సభలో స్త్రీలు కూర్చున్నారా అని గది తీసుకునే ముందే అడగాలి. అడిగితే గది దొరక్కపోవచ్చు. మాకు దొరకలేదు. ఆ రాత్రి ఒక సంస్థ శిక్షణా కేంద్రంలో చాపల మీద పడుకున్నాం.

మరుగుదొడ్డి గురించి ఫిబ్రవరిలో అర్జీ ఇచ్చాం. జవాబు రాలేదు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి రోడ్డు వదిలి ఆమె ఊరిదాకా కాలినడకన, ఆమె రమ్మంది కాబట్టి. అబద్ధం చెప్పి వచ్చిన నలుగురిలో ఒకామె ఇంట్లో ఈసారి నిజం చెప్పింది. మూడు రోజులుగా ఎవరూ ఆమెతో మాట్లాడడం లేదట. అయినా వస్తానంటోంది.